పర్మిట్టు ఆఖరి సాయంత్రం

అల్లం చెక్కు గీరుతుంటే వేళ్లకు చెమ్మ అంటుకుంటోంది, లేత అల్లం, గోరు గుచ్చితే చాలు రసం ఊరుతోంది, ఇంత మంచి కొమ్ములు గౌస్ మొహిద్దీన్‌కు ఎక్కడ దొరికాయో, బస్టాండులో సోడాలమ్ముకునే మనిషి, పొద్దున రెండు గోలీ సోడాలతో పాటు కాగితంలో చుట్టి పంపించాడు, అడగకుండానే పంపించాడు, అంటే ఈ రోజుతో సరి అని అతనికీ తెలిసిందన్నమాట. పులివెందులలో తెలియనిదెవరికిలే. ఎనిమిదేళ్లుగా రోజూ రెండు సోడాలు ఈ ఇంటికి వస్తున్నాయి, ఎవరికి, ఎందుకు అని గౌస్ ఒక్కసారీ అడగలేదు, అతనికి మొక్కాలి. వనజమ్మ కత్తిపీట పక్కకు జరిపి గీరిన ముక్కలను చిన్న రోట్లో వేసింది. కొట్టుగదిలో వేరుశనక్కాయల బస్తాలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, కొత్త పంట, మట్టివాసన ఇంకా పోలేదు, కిటికీలోంచి వస్తున్న వెలుతురు బస్తాల మీద ఎర్రగా పడుతోంది, కార్తీకపు పొద్దు, చూస్తుండగానే కుంగిపోతుంది. కింద బండలు అప్పుడే చల్లబడ్డాయి. బయట పంచలో బావ దగ్గు వినిపిస్తోంది, తన కొడుకు ఆది చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, ఇటు నాలుగడుగులు అటు నాలుగడుగులు, వాళ్లిద్దరూ ఒకే ఒక్క మాట కోసం కాచుకొని ఉన్నారు. రేపు పొద్దున ఎర్రగుంట్ల బస్సు. ఎర్రగుంట్లలో రైలు. శుక్రవారానికి రాయవేలూరు ఆసుపత్రిలో ఉండాలి, మంచం ఆ రోజుకే చెప్పి పెట్టారు, తప్పితే మళ్లీ ఎన్ని నెలలకో. పోయే మనిషి, తన మొగుడు, మాత్రం పోనంటున్నాడు. పది రోజులుగా అదే మాట. నన్ను ఈన్నే ఉండనీండి, అని, అంతే, గట్టిగా కూడా అనడు, అరిచినా బాగుండు, అరిచిన మనిషికి ఏదో ఒకటి జవాబు చెప్పొచ్చు.

మిరియాలు ఎన్ని? పదకొండు. ఎప్పుడూ పదకొండే, ఎందుకు పదకొండో తనకే తెలియదు, మొదటిరోజు గుప్పిట్లోకి అన్నే వచ్చాయి, అదే లెక్కయిపోయింది. రోకలిబండ కింద మిరియం చిట్లినప్పుడు ముక్కు జివ్వుమంటుంది, అల్లం నలిగినప్పుడు మరొక రకం, ఈ రెండూ కలిసి పైకి లేచినప్పుడు కళ్లు మూసుకొని ఈ గదిలో ఏ మూల ఏముందో చెప్పేయగలదు. విస్కీ సీసా బోషాణంలో ఉంది, పాత చీరల కింద. అడుగున ఇంకా రెండు వేళ్ల మందం మిగిలి ఉంది, తేనెరంగు, చూడ్డానికి ఎంత బాగుంటుందో, మూత తీస్తేనే ఆ వాసన, మొదట్లో ముక్కు మూసుకునేది. పర్మిట్టు కాగితం కూడా అక్కడే, మొన్న మొన్నటిదాకా మద్రాసు ముద్ర ఉండేది, కర్నూలు రాజధాని అయినాక ముద్ర మారింది, మనిషి పేరు మారలేదు, తిమ్మారెడ్డి, వయసు నలభై రెండు అని మొదటి కాగితంలో, ఇప్పుడు యాభై. తాగేవాళ్లనందరినీ పట్టుకొని జైల్లో వేసే ఈ కాలంలో, పర్మిట్టు ఉన్నవాడు రాజు కింద లెక్క అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. అది తెప్పించింది మాత్రం బావే. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి, ఓబుళరెడ్డి బావ, మొగుడి అన్న. ఆ ఏడు తమ్ముడు చేలో నాటుసారా తాగి పడిపోతే బండిలో వేసుకొని వచ్చారు, కళ్లు తెరవడు, నురగ, తాను వాకిట్లో నిలబడి చూస్తోంది, ఏడవాలని కూడా తోచలేదు, బావ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకొని రాత్రంతా కూర్చున్నాడు. నాలుగో రోజు కడపకు పోయి డాక్టరును పట్టుకొని కాగితం రాయించుకొచ్చాడు. తాగేదేదో మంచిది తాగు, ఇంట్లో తాగు, ఇంత అని తాగు, అని తమ్ముడి ముందు సీసా పెట్టి, మొహం పక్కకు తిప్పుకొని పోయాడు. కాగితం గడువు ఈ రోజుతో సరి, ఆ డాక్టరే ఈ ఏడు మళ్లీ సంతకం పెట్టనన్నాడు. ముందు జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి పోయి కడుపు ఫోటో తీయించుకో రెడ్డీ, అన్నాడు. తీయించుకున్నారు. పుండు.

దంచింది చాలా? ఇంకా నాలుగు పోట్లు. అత్త ఉంటే ఈ చప్పుడుకు వచ్చేసేది. పెంచలమ్మ అంటే ఈ ఇంట్లో కోడళ్లకే కాదు, ఎద్దులకు కూడా హడలు. పర్మిట్టు వచ్చిన రోజున వంటింటి గడపలో నిలబడి, "నా ఇంట్లో సారాయి కంపు కొట్టిందంటే నేను గండికి పోయి ఆంజనేయస్వామి గుడికాడ పడుంటా, మళ్లా ఈ మొహాలు సూడను," అంది. అన్న పని అన్నట్టే చేసే మనిషి. ఏం చేయాలి. వనజమ్మ ఆ పొద్దు చేతికి దొరికిన అల్లమంతా దంచింది, మిరియాలు వేసింది, బెల్లం వేసింది, నిమ్మకాయ పిండింది, వాసన చచ్చిపోవాలి అంతే, ఆయనకు రుచిగా ఉండాలన్న ధ్యాసే లేదు, అత్త ముక్కు ఒక్కటే కళ్ల ముందుంది. ఏం చేస్తాండావు మే అంటే, కషాయం అత్తా, ఆయప్పకు దగ్గు, అంది. అదే ఖాయమైపోయింది. ఇల్లంతా దానికి కషాయం అనే పేరు. ఒక చలికాలం అత్తకు నిజంగానే దగ్గు పట్టుకుంది, మా చిన్నోని కషాయం నాకూ ఇయ్యి మే, అంది. విస్కీ లేకుండా చేసి ఇస్తే రెండు గుక్కలు తాగి లోటా కింద పెట్టి, "వాని దాంట్లో ఏదో పస ఉంది, నా దాంట్లో ల్యా. మొగునికి మంచి అల్లం, అత్తకు పుచ్చల్లమా?" అని అడిగింది. మూడు రోజులు అదే సాధింపు. నాలుగో రోజు వనజమ్మ దేవుడి మీద భారం వేసి ఒక్క గరిటెడు కలిపింది. ఆ రాత్రి పెంచలమ్మ దగ్గలేదు, గురక పెట్టి నిద్రపోయింది. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "ఇప్పటికి కుదిరింది నీ చెయ్యి," అని పోయింది. తెలిసే అందో తెలియకే అందో. మూడేళ్లయింది పోయి, అడుగుదామంటే మనిషి లేదు. అడిగే ధైర్యం అప్పుడూ లేదు.

నలిగిన ముద్దను తడిపిన పంచె గుడ్డలో వేసి మెలిపెట్టి పిండితే రసం సన్నగా ధార కడుతుంది, మబ్బు రంగులో ఉంటుంది, వెంటనే కలపకూడదు, కాసేపు కదల్చకుండా పెట్టాలి, అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది, పైన తేట మిగులుతుంది, ఆ తేట ఒక్కటే వంచుకోవాలి. ఇది ఎవరూ నేర్పలేదు. ఈ కాసేపు ఏమీ చేయడానికి ఉండదు. మామూలు రోజుల్లో ఈపాటికి ఆయన వచ్చి ఆ బస్తాల మీద కూర్చునేవాడు, తాను ఇక్కడే రోటి దగ్గర, నేల మీద, ఇద్దరి మధ్యా ఈ గిన్నె. దీపాలు పెట్టింది మొదలు సంగటికి పిలుపు వచ్చేదాకా. పిల్లలు ఈ వైపుకు రాకూడదు, అక్క, అంటే బావ భార్య, ఈ వైపుకు చూడదు, పాలేర్లు రారు. తాగే మనిషి ఉన్న గదిలోకి ఎవరు వస్తారు? అట్లా ఈ ఇంట్లో ఇరవై మంది మధ్య ఇద్దరికీ ఒక గది దొరికింది, రోజుకు ఒక గంట దొరికింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ప్రొద్దుటూరు పక్క నుంచి బండిలో ఈ ఇంటికి వచ్చింది తాను, పదహారేళ్లు, పగటి పూట మొగుడు ఎదురైతే గోడవారకు ఒదిగి నిలబడాలని అక్క చెప్పింది, ఆయన కూడా తనను చూసి బెదిరిన కోడెలా పక్కకు పోయేవాడు, పిల్లలు పుట్టారు, పెరిగారు, ఆది మీసాలు పెంచాడు, ఆ మనిషికి ఏ కూర ఇష్టమో అత్తను అడిగి తెలుసుకున్నది తప్ప ఆయన నోటితో చెప్పింది లేదు. ఈ గదిలో కూడా మొదటి ఆరు నెలలు ఏమీ మాట్లాడలేదు. తాగేవాడు, గ్లాసు కింద పెట్టేవాడు, కాసేపు కూర్చొని పోయేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ ఎర్రెద్దు సచ్చిపోయినప్పుడు నాకు అన్నం సయించల్యా మే, ఎవురికీ చెప్పల్యా," అన్నాడు. తాను ఊ అంది. అంతే. ఆ ఊ అనడంతో గండి పడ్డట్టయింది ఆయన మాటకు.

ఏమేం చెప్పాడు. చిన్నప్పుడు పాపఘ్ని పొంగితే ఒడ్డున నిలబడి ఉన్న వాళ్ల మేనత్త కొడుకు చూస్తుండగానే కొట్టుకుపోయాడట, అప్పటి నుంచి నీళ్లంటే భయమట, ఏడు బావులు తవ్వించిన మనిషి, ప్రతి బావిలోకీ తానే ముందు దిగిన మనిషి, దిగేటప్పుడు ప్రతిసారీ కాళ్లు వణికేవట. చెప్పి, "నవ్వద్దు," అన్నాడు. తనకు నవ్వు రాలేదు, ఆ కాళ్లను చూడబుద్ధయింది. ఇంకొక రోజు కోడూరు నుంచి చీనీ బత్తాయి అంట్లు తెప్పించి రెండెకరాలు వేద్దామా అని అడిగాడు, అడిగింది తననే, గదిలో ఇంకెవరూ లేరు కదా, వెయ్యి, అనడానికి నోరు రాక ఊ అంది. మర్నాడు బావ ముందు తన ఆలోచనే అన్నట్టు చెప్పాడు. అంట్లు వచ్చాయి, గుంటలు తీశారు, మూడేళ్లకు కాపు పట్టింది, మొదటి కాయలు గంపలో ఇంటికి వచ్చినప్పుడు అందరూ తిన్నారు, తాను తింటుంటే ఆయన దూరం నుంచి ఒక్క చూపు చూశాడు. ఆ రెండెకరాల తోట తన ఊ తో మొలిచిందని ఆయనకు తెలుసు, తనకు తెలుసు. ఎనిమిదేళ్లు ఆయన చెప్పడమే, తాను వినడమే. తనకేమీ చెప్పాలనిపించలేదా అంటే, అనిపించింది, ఎన్నో అనిపించాయి, ఎర్రగుంట్లలో చిన్నప్పుడు ఒకసారి రైలును చూసింది, నాయన భుజమ్మీద కూర్చొని, అది వెళ్లిపోయాక కూడా పట్టాలు వణుకుతుంటే చెయ్యి పెట్టి చూస్తానని ఏడ్చింది, ఇట్లాంటివి, ఇవి కూడా ఒక మొగవాడికి చెప్పే మాటలా అని మింగేసింది.

తేట పడింది. గిన్నె కాస్త ఎక్కువ వంచింది, కొంచెం పిండి కూడా కలిసింది, ఫరవాలేదు. ఫరవాలేదు ఏమిటి, అసలు ఇది చేయడమే తప్పు కదా. జమ్మలమడుగు నుంచి వచ్చిన రోజు ఆది వంటింట్లోకి వచ్చి చెప్పాడు, "కడుపులో శానా పెద్ద పుండంట అమ్మా. మందు, మిరియాలు, అల్లం, కారం, ఇవన్నీ ఆ కడుపుకు విషమంట. కోసి తీసేయాల్సిందే అంటాండారు." వాడు చెప్పి పోయాడు. తాను చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో అల్లం పీచు ఉంది, ముందు రోజుది. ఎనిమిదేళ్లు, రోజుకింత, తన చేత్తో తానే. ఆ రాత్రి చేతులు సీకాయతో రుద్ది రుద్ది కడుక్కుంది. పది రోజులుగా ఈ గదిలోకి ఇద్దరూ రాలేదు. సాయంత్రం అవుతుంది, దీపం పెడతారు, ఆయన పంచలో ఒక స్తంభానికి ఆనుకొని కూర్చుంటాడు, తాను పొయ్యి దగ్గర ఉంటుంది, మధ్యలో ఇల్లంతా ఉంటుంది. ఈరోజు మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడి, "సాయంత్రం చెయ్యి. ఆఖరుది," అన్నాడు. అక్క నోరు తెరిచి చూసింది. తాను పొయ్యి వైపు తిరిగింది. అప్పటి నుంచీ ఒక్కటే ఆలోచన, చేస్తాను, చేసి చేతిలో పట్టుకుంటాను, రాయవేలూరికి పోతానంటేనే ఇస్తాను, పోనంటే ఆయన కళ్ల ముందే ఈ బండల మీద పోసేస్తాను. తాగనిస్తే విషం. ఇవ్వకపోతే ఏ మాట పట్టుకొని అడగాలి. ఇంతకాలం ఆయన చేతికి తాను ఇచ్చింది ఇదొక్కటే, అడగడానికి పట్టు దొరికేదీ ఇదొక్కటే.

బెల్లం రసంలో కరిగింది. నిమ్మకాయ సగం చాలు. సీసా మూత తీసి, వాసన, ఇప్పుడు అలవాటైన వాసన, ఆయన ఒంటి వాసన, రెండు వేళ్ల మందం మొత్తం గాజుగ్లాసులోకి వంచింది, ఆఖరి చుక్క అంచున వేలాడి వేలాడి పడింది. అల్లం తేట దాని మీద పోస్తే రెండూ వెంటనే కలవవు, కాసేపు పొగలా తిరుగుతాయి. సోడాలో గోలీని బొటనవేలితో అదిమింది, కీచుమని లోపలికి పోయింది, గ్లాసు నిండా బుడగలు, నురగ. అంతలో తలుపు దగ్గర వెలుతురు కదిలింది. ఆయన తల వంచి లోపలికి వచ్చాడు. పది రోజుల్లో భుజాలు ఎంత జారిపోయాయి. లాంతరు తెచ్చి మేకుకు తగిలించి, ఎప్పుడూ కూర్చునే బస్తాల మీద, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకొని మెల్లగా కూర్చున్నాడు.

"అయిందా?"

"అయింది."

చెయ్యి చాపాడు. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఉండిపోయింది.

"ముందు చెప్పు. రాయవేలూరికి పోతావా, పోవా?"

ఆయన తలెత్తి చూశాడు. ఈ గదిలో ఆమె ఆయనను ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు, ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"ఇయ్యి మే."

"చెప్పందే ఇయ్యను. కింద పోస్తా."

"పోయద్దు పోయద్దు. కడప నుంచి వచ్చిన సరుకది," అని నవ్వాడు, నవ్వితే నొప్పి వచ్చినట్టుంది, మొహం ముడుచుకున్నాడు. "నేనెట్ల తాగుతా? ఈ కడుపు పెట్టుకోని? నువ్వు తాగు."

"నేనా?"

"నువ్వే. ఎనిమిదేండ్లు చేసినావు. ఒక్కనాడన్నా నోట్లో పోసుకోని సూసినావా? ఆ మాట అడుగుదామనే చెయ్యమంటి. తాగు, సూస్తా."

తాను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎక్కడికక్కడ జారిపోయాయి. ఏమిటీ మనిషి. ఒక ఆడది, రెడ్డి ఇంటి కోడలు, విస్కీ. అత్త ఫోటో లేదు ఈ గదిలో, అయినా చుట్టూ చూసింది. ఆయన చిన్నపిల్లవాడిలా కాచుకొని ఉన్నాడు, కళ్లలో ఎన్నాళ్లకో ఒక మెరుపు, ఆ మెరుపు పోగొట్టడం ఇష్టం లేక, కళ్లు మూసుకొని, సోడా తాగినట్టు ఒక పెద్ద గుక్క మింగింది. మొదట చల్లగా, తియ్యగా, ఓ ఇంతేనా అనుకునేలోపు గొంతులో ఎవరో కొరివి పెట్టారు, ముక్కులోంచి చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టు, కళ్లలో నీళ్లు బొటబొటా కారాయి, దగ్గు, ఊపిరి అందదు, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందిది! అబ్బా! ఇంత అల్లమా! గొంతు కాలిపోతాంది!"

ఆయన కడుపు గట్టిగా పట్టుకొని నవ్వుతున్నాడు, నొప్పికి అమ్మా అంటూనే నవ్వుతున్నాడు. "మొదటి రోజు నుంచీ అంతే."

"నిజమా? రోజూ ఇదే తాగినావా? ఒక్కనాడన్నా చెప్పకపోతివే!"

"చెప్తే తగ్గిస్తావు. తగ్గిస్తే మా యమ్మకు వాసన తెలుస్తాది. తెలిస్తే ఇంగ ఈ కొట్టుగది యాడుంటాది? మళ్లా నేను పంచలో, నువ్వు వంటింట్లో." తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "మింగేస్తాంటి. నువ్వు అటు తిరిగినప్పుడు చెంబెడు నీళ్లు తాగుతాంటి. మా యమ్మ పోయినాక కూడా అదే అలవాటైపోయింది."

ఆమె చేతిలోని గ్లాసు వంక చూసింది. అయితే అంతా, ఆరు నెలలు మాట్లాడకుండా కూర్చున్న ఆరు నెలలు కూడానా, అప్పుడు కూడా దీని కోసం రాలేదా ఈయన. నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "నా అల్లమే కాల్చింది నీ కడుపును. నా చేత్తో నేనే."

"ఎవురు చెప్పినారు? నాటుసారా పోసిన కడుపది, నువ్వు రోలు పట్టుకోకముందే కాలింది. డాక్టరునే అడిగినా, నీ ముందర అబద్ధం చెప్తానా? ఏడవద్దు."

ఏడవద్దంటే ఇంకా వచ్చింది. ఏడుస్తూనే ఇంకొక గుక్క తాగింది, ఈసారి మంట కొంచెం తక్కువ, రొమ్ములోకి వెచ్చగా దిగింది, చెవులు వేడెక్కాయి, నాలుక ముడి ఎక్కడో వదులైంది. ఎనిమిదేళ్లలో అనని మాటలన్నీ గొంతు దగ్గర తోసుకుంటున్నాయి. "ఇంత మంట మింగినోనివి, కత్తికి భయపడతావా? ఆడ మత్తు సూది ఏస్తారంట, ఏమీ తెలీదంట, ఆది చెప్పినాడు. ఎందుకు పోవు? నేను ఒకతిని ఉండానని లేదా నీకు? ఈన్నే ఉంటా, ఈన్నే ఉంటా అంటాండావు. నువ్వు పోతే నేను సాయంత్రాలు ఏం జెయ్యాల? చెప్పు. ఏం జెయ్యాల?"

ఆయన నవ్వు ఆగిపోయింది. బయట ఆది చెప్పుల చప్పుడు కూడా ఆగింది.

"కత్తికి కాదు మే," అన్నాడు. "జమ్మలమడుగులో ఒక నర్సమ్మ ఉంది, నిర్మలమ్మని. నన్ను మంచమ్మీద పండబెట్టి, నీ భార్య రాలేదా నాయనా అని అడిగింది. అన్న గోడ దిక్కు తిరిగినాడు. ఆది కిందికి సూసినాడు. ఇంట్లో పనుంది అంటి నేను. పక్క మంచంలో ఒకాయన, మన కంటే బీదోళ్లే, వాళ్ల ఆడామె ఆయప్ప చెయ్యి పట్టుకోని కూసుంది. ఏమీ మాట్లాడల్యా. ఊరికే పట్టుకోని కూసుంది, అంతే." ఆగాడు. "రాయవేలూర్లో నెలంట. అన్న ఉంటాడు, ఆది ఉంటాడు, మంచిగనే సూసుకుంటారు. అయితే సాయంత్రమైతే నేను ఎవురితో మాట్లాడాల? కోసినాక బతుకుతానో లేదో. ఆ ముందు రోజు ఎవురితో మాట్లాడాల?"

బుడగలు గ్లాసులో ఒక్కొక్కటే పైకి వచ్చి చిట్లిపోతున్నాయి. వనజమ్మకు ఒంట్లో వేడి ఏది తాగినదో ఏది విన్నదో తెలియడం లేదు. పది రోజులు. పది రోజులుగా ఇల్లంతా ఈ మనిషిని బతిమాలింది, దేవుళ్ల పేర్లు చెప్పింది, పిల్లల పేర్లు చెప్పింది, పోనన్నవాడిని మొండివాడనుకుంది, తానూ అనుకుంది. ఒక్క మాట అడిగితే అయిపోయేది.

"నన్ను రమ్మని అడగొచ్చు కదా."

"ఎట్ల అడగాల? ఈ ఇంట్లో ఎవురడిగినారు అట్ల? మా నాయన పోయేటప్పుడు మంచం చుట్టూ మొగోళ్లమే. మా యమ్మ తలుపు పక్కన నిలబడింది. పిల్చాలని ఆయనకు ఉన్నిందేమో, ఎవురికి తెలుసు. పిల్చల్యా."

"నేనొస్తా."

"మే."

"వస్తా. రైలెక్కుతా. ఆడ ఏ సత్రంలోనో పొయ్యి పెట్టుకోని గంజి కాస్తా. ఏమీ మాట్లాడకపోతే ఊరికే కూసుంటా."

ఆయన గొంతు సరిచేసుకున్నాడు. "అన్ననడగాల. నేను పోయి మెల్లగ..."

"నేనడుగుతా," అంది వనజమ్మ, అని తానే ఉలిక్కిపడింది. ఇరవై ఎనిమిదేళ్లలో బావతో ఒక్క మాట మాట్లాడలేదు తాను. ఈ ఇంట్లో తమ్ముడి భార్య పెద్దవాడి ఎదుట పడకూడదు, ఏదైనా చెప్పాలంటే అక్కతోనో పిల్లలతోనో చెప్పించాలి, ఆయన పంచలో ఉంటే తాను పెరటి దారిన తిరిగి పోవాలి. ఆయన గొంతు తనకు తెలుసు, తన గొంతు ఆయనకు తెలుసో తెలియదో. లేచింది. గ్లాసులో మిగిలింది మొగుడి చేతికి అందకుండా దూరంగా రోటి పక్కన పెట్టింది, కొంగు భుజం చుట్టూ తెచ్చుకుంది. వెనక నుంచి ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు. కొట్టుగది దాటి, వంటింట్లో సంగటి కెలుకుతున్న అక్కను దాటి, ఏమ్మే యాడికి అని అక్క అంటున్నది వినిపించుకోకుండా, నడవలోంచి, రోజూ ఆగిపోయే తలుపు వరకు వచ్చింది. రోజూ తలుపు చాటునే ఆగుతుంది. గడప మీద కాలు పెట్టి, దాటి, పంచలో నిలబడింది.

బావ బల్ల మీద కూర్చొని ఉన్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకొని. ఆది స్తంభం దగ్గర. ఇద్దరూ తిమ్మారెడ్డి వస్తాడని ఈ తలుపు వైపే చూస్తున్నారు, ఆమెను చూసి బావ అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. తెల్లటి మీసం, అలసిపోయిన చెంప, పది రోజులుగా గడ్డం గీయించుకోలేదు, దగ్గర నుంచి చూస్తే ఎంత ముసలివాడైపోయాడు ఈయన, తమ్ముడి తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నప్పుడు జుట్టు నల్లగా ఉండేది. భయం ఎక్కడికో పోయింది.

"బావా," అంది.

ఎవరు పిలిచారా అన్నట్టు ఆయన తలెత్తాడు. ఆది రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు.

"ఆయప్ప రాయవేలూరికి పోతాడంట. నేనూ పోతాండా ఆయప్పతో. ఆడ ఉన్నన్ని రోజులు ఉంటా."

వీధిలో బండి ఒకటి పోతోంది, దాని ఇరుసు చప్పుడు ఇంటిముందుకు వచ్చి, దాటి, మలుపు తిరిగిపోయింది. ఓబుళరెడ్డి కర్రను ఒక చేతిలోంచి ఇంకొక చేతిలోకి మార్చుకున్నాడు. తమ్ముడు పోతాడన్న మాట మొదట చెవిన పడి, రెండో మాట ఇంకా పడుతున్నట్టుంది. కళ్లు గట్టిగా మూసి తెరిచాడు.

"రేయ్ ఆదీ," అన్నాడు. "బస్టాండుకు పోయి చెప్పిరా. ముందర సీట్లు నాలుగు పెట్టమను."

ఆది పరిగెత్తినట్టే పోయాడు. వనజమ్మ లోపలికి తిరగబోయింది.

"అమ్మా," అని పిలిచాడు బావ. ఆమె ఆగింది. ఆయన మొహం తిప్పుకోలేదు, ఇరవై ఎనిమిదేళ్లకు తిన్నగా ఆమె వైపు చూసి, ఆమెతోనే అన్నాడు. "రైల్లో చలి శానా ఉంటాది. దుప్పట్లు ఎక్కువ పెట్టుకో."